ఆ రోజు వార్డులో ఉన్న సిస్టర్‌కి థ్యాంక్స్

సిస్టర్, ఆ కంగారులో మీ పేరు కూడా అడగలేదు నేను. ఫస్ట్ ఇయర్‌లో మొదటిసారి వార్డుకి పంపితే ఒక పెద్దాయనకి బీపీ చూస్తున్నా, గాలి వదులుతున్నా గానీ ఒక్క చప్పుడూ వినపడదే, ఆయనేమో పాపం మూడోసారి కూడా చెయ్యి చాపి ఓపిగ్గా కూర్చున్నారు. మీరు వెనక నుంచి వచ్చి ఏమీ అనకుండా నా స్టెత్ చివరనుండే బిళ్ళ, అదే చెస్ట్‌పీస్, తిప్పారు (మూసుకున్న వైపు పెట్టి వింటున్నా, ఎంత సిగ్గేసిందో), మోచేతి మడతలో లోపలివైపు నా వేళ్ళు పెట్టి నాడి దొరికించి "ఇక్కడ పెట్టు నాన్నా" అన్నారు. ముందు మణికట్టు దగ్గర నాడి పట్టుకుని కఫ్‌లోకి (చేతికి చుట్టే పట్టీ) గాలి ఎక్కించాలని, నాడి ఆగాక మీటర్‌లో ఇంకో 30 పైకి వెళ్ళి సెకనుకి 2, 3 చొప్పున దించాలని చెప్పారు, కొందరికి సౌండ్ మధ్యలో మాయమై మళ్ళీ వస్తుందట, నాడి చూడకపోతే పై రీడింగ్ తక్కువ రాసేస్తామట. బీపీ చూసేటప్పుడు స్టెత్‌లో వినపడే ఆ చప్పుళ్ళు, కొరోట్‌కాఫ్ సౌండ్స్, అయిదు దశలూ బట్టీ పట్టినదాన్నే, కానీ ఆ మొదటి టక్ టక్ చెవిలో పడితే ఒళ్ళు జల్లుమంది. 138/86, ఇంకా గుర్తుంది. రాసుకోబోతుంటే "ముందు కఫ్ విప్పు, ఆయన చెయ్యి తిమ్మిరెక్కుంటుంది" అన్నారు చూడండి, అది మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. చాలా థ్యాంక్స్ సిస్టర్, ఆ పెద్దాయనకి కూడా.