పిల్లల పేరుతో అకౌంట్లు ఇక నడపను

అందరికీ నమస్కారం.

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో మన వీడియో స్టూడియో పెట్టి ఏడేళ్లయింది. మొదట్లో హాఫ్ శారీ ఫంక్షన్లు, గృహప్రవేశాలు, పుట్టినరోజులు తీసేవాణ్ని. నాలుగేళ్ల కిందట ఒక కస్టమర్ వాళ్లబ్బాయి టెన్నిస్ మ్యాచ్ తీసిపెట్టమని అడిగారు, కాలేజీ కోచ్‌లకు పంపాలట. ఆ వీడియో ఆ నోటా ఈ నోటా పాకి, ప్లేనో నుంచి, మెకిన్నీ నుంచి, ఇర్వింగ్ నుంచి మనవాళ్లు రావడం మొదలుపెట్టారు. ఈ రోజు నా ఆదాయంలో సగానికి పైగా రిక్రూటింగ్ వీడియోలదే, అంటే జట్టులోకి తీసుకోమని కాలేజీ కోచ్‌లకు పంపే వీడియోలది.

వచ్చే నెల 1 నుంచి అందులో ఒక పని పూర్తిగా ఆపేస్తున్నాను. నెలకు 180 డాలర్లు తీసుకుని, పిల్లల పేరుతో ఇన్‌స్టాగ్రామ్ అకౌంట్ నడుపుతూ, వారానికి మూడు రీల్స్ పెట్టే ప్యాకేజీ ఇక ఉండదు. ముందుగా డబ్బు కట్టినవాళ్లకు మిగిలిన నెలలది మొత్తం వెనక్కి ఇస్తాను. ఆ ప్యాకేజీ పెట్టుకోమని మీ ఇళ్లకు వచ్చి చెప్పింది నేనే కాబట్టి, ఎందుకు ఆపుతున్నానో చెప్పాల్సిన బాధ్యత కూడా నాదే.

పోయిన వేసవిలో ఒక పదకొండేళ్ల పాప అకౌంట్ నా చేతిలో ఉండేది. తల్లిదండ్రులు నడుపుతున్నారని ప్రొఫైల్లో రాసే పెట్టాం. ఫాలోవర్లు నాలుగు వేలు దాటారని వాళ్ల నాన్నగారు స్వీట్లు తెచ్చి ఇచ్చారు. ఒక రాత్రి మెసేజీలు చూద్దామని కూర్చున్నాను. ఒక్క కోచ్ లేడు. ఎవరో పెద్దవయసు మగవాళ్లు. ఒకడు పాప వేసుకున్న స్కర్టు గురించి రాశాడు. ఇంకొకడు "ఈ గురువారం కూడా అదే కోర్టులోనా?" అని అడిగాడు. గురువారం అని వాడికెలా తెలుసు? వెనక్కి వెళ్లి రీల్స్ అన్నీ చూశాను. కంచె మీద క్లబ్ పేరు స్పష్టంగా ఉంది. కింద క్యాప్షన్‌లో "గురువారం ప్రాక్టీస్" అని నేనే రాశాను, వరుసగా ఐదు వారాలు.

రాత్రి పదిన్నరకు వాళ్ల నాన్నగారికి ఫోన్ చేశాను. పదకొండింటికల్లా అకౌంట్ తీసేశాం. ఆ గురువారం పాప ప్రాక్టీస్‌కు వెళ్లలేదు, తర్వాత క్లబ్బే మార్చారు. ఏమీ జరగలేదు, దేవుడి దయ. తల్లులు నడిపే ఆడపిల్లల అకౌంట్ల చుట్టూ ఎలాంటి మగవాళ్లు చేరుతున్నారో 2024 ఫిబ్రవరిలో న్యూయార్క్ టైమ్స్ పెద్ద కథనం వేసింది. అప్పుడే చదివాను. అది మోడలింగ్, డ్యాన్స్ పిల్లల సంగతి, మనది ఆట కదా అనుకుని పక్కన పెట్టాను. అలా అనుకోవడం నా తప్పు.

రెండోది ఇంకా దగ్గరగా తగిలింది. టెన్త్ గ్రేడ్ అమ్మాయి, నాన్నతో కలిసి స్టూడియోకి వచ్చింది. హైలైట్స్ చూపిస్తున్నాను. మూడో నిమిషంలో "అంకుల్, ఈ పాయింట్ వద్దు" అంది.

"ఎందుకమ్మా? బాగుంది కదా."

"దీని ముందు బాల్ ఇన్. నేను అవుట్ అన్నాను. అప్పుడు నాకు నిజంగా అవుట్‌లాగే కనిపించింది. ఇక్కడ చూస్తే ఇన్."

జూనియర్ టోర్నమెంట్లలో చాలా కోర్టులకు అంపైర్ ఉండరు. తమవైపు పడ్డ బంతి ఇన్నా, అవుటా అన్నది పిల్లలే చెప్పాలి. ఫ్రేమ్ ఫ్రేమ్‌గా ఆపి చూశాను. తెల్లగీత మీద సగం బంతి ఉంది. ఆ పిల్ల చెప్పింది నిజం. వాళ్ల నాన్నగారు "ఎవరు చూస్తారమ్మా అంత దగ్గరగా, తర్వాతి సర్వ్ అదిరింది కదా" అన్నారు. ఆయన డబ్బు కట్టారు కాబట్టి నేను ఆయన మాటే విన్నాను. బంతి పడే ఆ ఒక్క క్షణం కత్తిరించి, సర్వ్ ఉంచాను. ఆ అమ్మాయి ఇంకేమీ మాట్లాడలేదు. రాకెట్ గ్రిప్ చివర టేపు ఊడదీసి మళ్లీ చుడుతూ కూర్చుంది.

రీల్ పెట్టిన నాలుగో రోజు అవతలి అమ్మాయి వాళ్లమ్మ తన ఫోన్లో తీసిన వీడియో లింకు కింద పెట్టారు, "దీని ముందు ఏం జరిగిందో చూడండి" అని. ఆ కోర్టుల్లో ఆడే పిల్లలందరూ చూశారు. ఆ అమ్మాయి పది రోజులు రాకెట్ ముట్టలేదట. తను వద్దన్నది నేను పెట్టాను, మాట పడింది తను. వాళ్లింటికి వెళ్లి తనకు సారీ చెప్పాను. తల్లిదండ్రుల ఎదుటే చెప్పాను.

ఇంత చేసి ఆ రీల్స్ వల్ల కోచ్‌లు వచ్చారా అంటే, నా కస్టమర్లలో ఒక్కరికి కూడా ఇన్‌స్టాగ్రామ్ చూసి ఆఫర్ రాలేదు. ఈ మాట నేను మీకు ఎప్పుడో చెప్పాల్సింది. టెన్నిస్ కోచ్ ముందు చూసేది యూటీఆర్, అంటే ఆటగాళ్ల స్థాయిని చెప్పే, 16.5 దాకా ఉండే రేటింగ్. తర్వాత ఎవరి మీద గెలిచారు, ఎవరి చేతిలో ఓడారు అన్నది. ఆ అంకెలు తన జట్టుకు సరిపోతేనే వీడియో తెరుస్తాడు. తెరిచాక మ్యూజిక్, స్లో మోషన్ అక్కర్లేదు. బేస్‌లైన్ వెనక ఎత్తున పెట్టిన కెమెరా, సర్వ్, రిటర్న్, రెండువైపులా షాట్లు, ఆ తర్వాత కత్తిరించని రెండు మూడు గేములు చాలు. పాయింట్ పోయాక పిల్లలు ఎలా నడుస్తున్నారో కూడా చూస్తారు. కత్తిరించిన వీడియోలో అది కనిపించదు.

"మెయిల్ పెడితే జవాబే రాలేదండీ" అని నైన్త్ గ్రేడ్ పిల్లల తల్లిదండ్రులు బాధపడుతుంటారు. అమెరికాలో కాలేజీ ఆటల్ని నడిపే సంస్థ ఎన్‌సీఏఏ. దాని నియమం ప్రకారం డివిజన్ 1, అంటే అన్నిటికంటే పై స్థాయి కాలేజీల టెన్నిస్ కోచ్‌లు టెన్త్ గ్రేడ్ అయ్యాక వచ్చే జూన్ 15 వరకు పిల్లలకు రిక్రూటింగ్ మెయిల్, మెసేజ్, ఫోన్ చేయకూడదు. ఆ మౌనాన్ని మనం చిన్నచూపు అనుకుని ఇంకో పది రీల్స్ పెట్టాం. ఆ టెన్షన్ మీద నేను వ్యాపారం చేశాను.

స్కాలర్‌షిప్ లెక్క కూడా సరిగ్గా చెప్పుకుందాం. హార్వర్డ్, యేల్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలు, కింది స్థాయి అయిన డివిజన్ 3 కాలేజీలు ఆటకని స్కాలర్‌షిప్ ఇవ్వవు. అడ్మిషన్లో కోచ్ మాట సాయపడొచ్చు, ఫీజు మాత్రం వేరే సంగతి. డివిజన్ 1లో మొన్నటిదాకా అబ్బాయిల టెన్నిస్ జట్టు మొత్తానికి కలిపి 4.5 స్కాలర్‌షిప్‌లు, అమ్మాయిల జట్టుకు 8. కాలేజీ ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన హౌస్ కేసు సెటిల్‌మెంట్‌ను 2025 జూన్‌లో కోర్టు ఆమోదించాక, అందులో చేరిన కాలేజీలకు ఆ పరిమితి పోయి, జట్టులో 10 మందికి మించకూడదన్న పరిమితి వచ్చింది. అందరికీ ఇవ్వొచ్చు, కానీ ఇవ్వాలని లేదు. పైగా డివిజన్ 1 టెన్నిస్ ఆటగాళ్లలో సగానికి పైగా విదేశాల నుంచి వచ్చినవాళ్లే. మన పిల్లలు పోటీ పడేది వాళ్లతో.

మనలో చాలామంది పిల్లలు హెచ్-4 మీద, అంటే తల్లిదండ్రుల ఉద్యోగ వీసాను బట్టి వచ్చే వీసా మీద ఉన్నారు. కాలేజీ ఫీజుకు ప్రభుత్వం ఇచ్చే ఫెడరల్ ఎయిడ్ రాదు. ఆట మీదైనా కాలేజీ ఏదో ఒకటి ఇస్తుందేమోనన్న ఆశ నాకు బాగా తెలుసు, మా పెద్దవాడిదీ అదే పరిస్థితి. తెల్లవారుజామున లేచి కోర్టుకు తీసుకెళ్లి, కార్లో లాప్‌టాప్ పెట్టుకుని ఆఫీసు పని చేసుకునే నాన్నల్ని రోజూ చూస్తున్నాను. వాళ్లమీద నాకున్నది గౌరవమే.

టెన్నిస్ ఆటగాడు నిశేష్ బసవరెడ్డి పేరు రాని మీటింగ్ లేదు నా స్టూడియోలో. తల్లిదండ్రులది నెల్లూరు, పెరిగింది ఇండియానాలోని కార్మెల్లో. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీకి ఆడి 2024 డిసెంబరులో ప్రో అయ్యాడు. 2025 జనవరిలో ఆస్ట్రేలియన్ ఓపెన్లో జొకోవిచ్ మీద మొదటి సెట్ గెలిచినప్పుడు ఇక్కడ ఇంకా తెల్లారలేదు, అయినా మన వాట్సాప్ గ్రూపుల్లో ఎవరూ పడుకోలేదు. "మావాడికీ అలాంటి పేజీ కావాలి" అని మరుసటి వారమే ముగ్గురు అడిగారు. అప్పటికే అతని పేరు మీద 2022 యూఎస్ ఓపెన్ బాలుర డబుల్స్ టైటిల్ ఉందని, ముందు ఆ ఆట ఉందని వాళ్లకు చెప్పాల్సింది. పేజీ చేసిచ్చాను.

2019లో బయటపడ్డ అమెరికా కాలేజీ అడ్మిషన్ల కుంభకోణం చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆట ఆడని పిల్లలకు ఆటగాళ్లన్నట్టు ప్రొఫైళ్లు తయారుచేశారు, జార్జ్‌టౌన్ యూనివర్సిటీ మాజీ టెన్నిస్ కోచ్ జైలుకు వెళ్లాడు. మనం చేసింది ఆ స్థాయిది కాదు. కానీ బంతి పడిన క్షణం కత్తిరించిన రోజు నేను ఆ దారిలోకి ఒక అడుగు వేశాను. ఇక వేయను.

ఇకపై పని ఇలా ఉంటుంది. నైన్త్ గ్రేడ్ కంటే చిన్నపిల్లల రిక్రూటింగ్ వీడియో తీయను. ఇంట్లో దాచుకోవడానికి మ్యాచ్ తీయమంటే సంతోషంగా తీస్తాను. వీడియో తయారయ్యాక మొదట చూసేది మీ అబ్బాయి లేదా అమ్మాయి. వాళ్లు వద్దన్న క్లిప్ పోతుంది, కారణం అడగను. లింకు ఉన్నవాళ్లకే తెరుచుకునేలా యూట్యూబ్‌లో పెట్టి ఇస్తాను. కోచ్‌కు మెయిల్ పిల్లలే రాయాలి, పక్కన కూర్చుని రాయడం నేర్పిస్తాను, దానికి డబ్బు తీసుకోను. వీడియో ధర మాత్రం ఇప్పుడున్న 350 డాలర్ల నుంచి 425 డాలర్లకు పెరుగుతుంది. ప్యాకేజీ పోవడంతో నాకు నెలకు మూడు వేల డాలర్లకు పైగా తగ్గుతోంది, సాయంత్రాలు ఎడిటింగ్‌కు వచ్చే అబ్బాయిని మాన్పించకూడదని ఈ పెంపు. ఇప్పటికే బుక్ చేసుకున్నవాళ్లకు పాత ధరే.

అకౌంట్లన్నిటి పాస్‌వర్డులు ఈ నెలాఖరులోపు మీకు అప్పజెబుతాను. ఇచ్చే ముందు క్లబ్ పేరు, స్కూలు పేరు, ప్రాక్టీస్ రోజు కనిపించే పోస్టులన్నీ తీసేస్తున్నాను. ఇప్పటికి 212 తీశాను, ఇంకా ఉన్నాయి. ఏదైనా పోస్టు ఉంచాలనిపిస్తే శుక్రవారంలోపు ఫోన్ చేయండి. చేసేటప్పుడు పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి, వాళ్లను కూడా అడుగుతాను.