స్విఫ్ట్‌కి జిప్సీ డిఫరెన్షియల్ అంటున్న మా అబ్బోడికి

నాయనా,

నువ్వు పంపిన బొమ్మ షెడ్డు మూసినాక ఇంకోసారి చూసినా. స్విఫ్ట్‌ని ఫోర్ వీల్ చేస్తా, అంటే నాలుగు చక్రాలకీ ఇంజను పవర్ పోయేట్టు చేస్తా, వెల్డింగు నాయన చూసుకుంటాడు అని ఒక్క ముక్కలో తేల్చేసినావు. మీ అమ్మకి చూపిస్తే తలకోన అడవి బురదలోకి పోవాలంటే వీడికి బస్సులు లేవా అనింది.

మద్రాసు పుదుపేట పాత సామాన్ల అంగట్లో జిప్సీ జీపుది డిఫరెన్షియల్, అదే రెండు వెనక చక్రాలకీ పవర్ పంచే గేర్ల పెట్టె, కొనేసినా అన్నావు కాబట్టి ఇంగ తిట్టి లాభం లేదు, కానీ కొనే ముందు టేపు పెట్టి కొలిచినావా? జిప్సీ యాక్సిల్ మన కారు కంటే దాదాపు జానెడు తక్కువుంటాది, దాని చక్రాలకి అయిదు బోల్టులు మనదానికి నాలుగు, అది కమాను పట్టీల మీద కూర్చునేది, మనకి వెనక ఉండేది వట్టి బీము. ఇంజను అడ్డంగా ఉంది, దాన్నుంచి వెనక్కి పవర్ తీసే పెట్టె గేరు బాక్సులోనే లేదు. వెనక్కి పవర్ మోసే గొట్టం, అదే షాఫ్టు, పోవాలంటే ఫ్లోరు మధ్యలో కోయాల, పెట్రోల్ ట్యాంకు, సైలెన్సరు పైపు రెండూ జరపాల. జపాన్‌లో స్విఫ్ట్ ఫోర్ వీల్ అమ్మినారు, నిజమే, కానీ అది కంపెనీలోనే అట్లా కట్టిన బండి రా.

అతికించడం నాకు కష్టం కాదు. రేకు పలచన, కరెంటు తగ్గించి చుక్కచుక్కగా వేస్తా, ముందు బ్యాటరీ పీకేస్తా. కానీ బాడీలో గట్టి స్టీలు ఉండే చోట అగ్గి తగిలితే పక్కన మెత్తబడిపోతాది, పైకి అతుకు నున్నగా కనబడతాది అంతే.

నా భయం షాఫ్టు. చానా ఏండ్ల కిందట ఒక జీపు షాఫ్టు కోసి పొట్టి చేసి అతికిచ్చినా. రెండు కొనల్లో ఉండే కవల్లాంటి యోకులు ఒకే వరసలో ఉండాల, నేను కంటితో చూసి సరే అనుకున్నా, బ్యాలన్సింగు అసలు చేయించలేదు. మొగిలి ఘాట్‌లో యోకులో ఉండే కీలు, క్రాసు అంటాం, అది విరిగి షాఫ్టు ముందు కొన రోడ్డు మీద పడి ఈడ్చుకుంటా పోయింది, ఎక్కుడు కాబట్టి స్పీడు లేదు, బతికినారు. షెడ్డులో మేకుకి వేలాడే పైపు ముక్క అదే, చిన్నప్పుడు నువ్వు స్పానర్‌తో బడి గంట కొట్టేవాడివి. రేషియో నాలుగు అనుకో, అంటే చక్రం ఒక చుట్టుకి షాఫ్టు నాలుగు చుట్లు, 80 స్పీడులో చక్రం నిమిషానికి 700 చుట్లు తిరిగితే షాఫ్టు 2800 తిరుగుతాది, నీ సీటు కిందనే!

ముందూ వెనకా రేషియో కలవకపోతే ఇంకో తంటా. బురదలో చక్రం జారి సర్దుకుంటాది, తారు రోడ్డు మీద ఒకదాన్నొకటి పీక్కుని గేరు బాక్సు పగలగొడతాయి.

ఇంకోటి మర్చిపోయినావు, ఆర్సీ నా పేరు మీద ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదు, 2019 సవరణ తర్వాత ఓనర్‌కి ఒక్కో మార్పుకి 5000 ఫైను లేకపోతే ఆరు నెలలదాకా జైలు. ఈ వయసులో నన్ను పంపిస్తావా?

తలకోనకి మంచి టైర్లు వేసుకో, ఇంజను కింద ప్లేటు కావాలంటే నేనే బోల్టులతో బిగిస్తా. డిఫరెన్షియల్ మాత్రం తీసుకురా, బెంచి మీద పెట్టి విప్పుదాం, పళ్ళు ఎట్లా తిరుగుతాయో నీకు చూపించాలని నాకూ ఉంది. డిక్కీలో గోనెపట్ట పరిచి పెట్టు, ఆయిల్ కారితే అమ్మ ఊరుకోదు. ఆదివారం బిన్నా బయల్దేరు.

మీ నాయన