ఆ గౌన్లన్నీ విక్టోరియా కాలానివి కావు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటిష్ సినిమా నటి కీరా నైట్‌లీ నటజీవితం మీద మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం శ్రద్ధగా చదివాం. పాతకాలపు కథలతో ఆమె చేసిన చిత్రాలన్నిటినీ ‘విక్టోరియా కాలం’ అని ఒకే గాటన కట్టేశారు. ఇంగ్లండు రాణి విక్టోరియా ఏలింది 1837 నుంచి 1901 దాకా. ‘ప్రైడ్ అండ్ ప్రెజుడిస్’ నవల 1813లోనే అచ్చయింది. 2005లో సినిమా తీసిన జో రైట్, రొమ్ము కిందే నడుము వచ్చే గౌన్లు నచ్చక కథను ఇంకా వెనక్కి, 1790లకు జరిపాడు. ‘ది డచెస్’ (2008) కూడా 18వ శతాబ్దానిదే. ‘అటోన్‌మెంట్’ (2007)లో ఆమె తొడిగిన పచ్చ గౌను 1935 నాటిది. ‘అన్నా కరెనినా’ (2012) అయితే అసలు ఇంగ్లండు కథే కాదు, రష్యాది. అందులో 1870ల స్కర్టులకు 1950ల ఫ్యాషన్‌ను కావాలనే కలిపారు. దానికే దుస్తుల రూపకర్త జాక్వెలిన్ డురాన్‌కు ఆస్కార్ వచ్చింది.

ఇది చాదస్తం కాదు. మా పర్లాకిమిడి వైపు నాటకాలకు కుట్టే దర్జీలు పేపర్లో బొమ్మ చూసే గుడ్డ కోస్తారు. అల్లూరి మన్యం పోరాటం 1922–24 నాటిది. ఆ నాటకంలో దొరసానికేమో 1860ల గొడుగు గౌను తొడుగుతున్నారు! 1922 గౌను సంచిలా నిటారుగా జారుతుంది, పట్టీ తుంటి మీదికి వస్తుంది. లోపల తీగ చట్రం ఉండదు.

1930ల గౌను కావాలంటే గుడ్డను క్రాసుగా కోయాలి. గుడ్డ ఎక్కువే పడుతుంది. కుట్టాక ఒక రోజంతా వేలాడదీసి, ఆ తర్వాతే అంచు మడవాలి. ముందే మడిస్తే ఒక పక్క జారి అంచు వంకర పోతుంది. కుట్టేటప్పుడు గుడ్డను కొద్దిగా సాగదీసి పట్టుకోవాలి, లేదంటే తొడిగిన రోజే దారం తెగుతుంది. లోపల లంగా బొందు ముడి కూడా పైకి తేలి కనబడుతుంది, బొందు బదులు పక్కన హుక్కులు పెట్టాలి.

‘డచెస్’ తరహా కార్సెట్ (ఒంటిని బిగించే లోరవికె) వేసి పద్యం పాడించేవాళ్లకు ఇంకో మాట. బిగువంతా నడుము దగ్గరే ఉంచి, కింది పక్కటెముకల చోట రెండు వేళ్లు దూరే సందు వదలండి. అక్కడ బిగిస్తే రాగం మధ్యలోనే ఊపిరి చాలదు. ఉక్కు పట్టీలకు బదులు వెదురు బద్దలు వాడితే కొసలు గుండ్రంగా చెక్కి గుడ్డ చుట్టాలి, లేకపోతే గుచ్చుకుంటాయి. కార్సెట్‌లో వీపు నిటారుగా నిలబడుతుంది, 1935 గౌనులో ఒళ్లు వదులుగా వాలుతుంది. నైట్‌లీ ఈ రెండు నడకలనూ వేర్వేరుగా నడిచి చూపింది. మీ వ్యాసంలో దాని ఊసే లేదు.

ఇకపై ఇలాంటి బొమ్మల కింద సినిమా వచ్చిన ఏడుతోపాటు కథ జరిగిన ఏడు కూడా వేయమని మనవి.

— తెలుగు నాటక కళాకారులు, పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా