చీమ ఫొటో కింద ఒక్క ముక్క రాయండి

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం సంచికలో చీమల ఫొటోలు వేస్తున్నందుకు సంతోషం. కానీ ఈ మధ్య వచ్చినవాటిలో కొన్ని చూస్తే మనసు చివుక్కుమంది. వెనక కాళ్ల మీద నిటారుగా లేచి, ముందు కాళ్లతో గింజను ఎత్తి పట్టుకున్న చీమ! చీమ తనకంటే బరువైనది మోస్తుంది, నిజమే. అయితే దవడలతో పట్టుకుని మోస్తుంది, మరీ పెద్దదైతే వెనక్కి నడుస్తూ ఈడుస్తుంది. చీమల్ని ఫ్రిజ్‌లో పెట్టి, మొద్దుబారాక కావలసినట్టు నిలబెట్టి తీసేవాళ్లున్నారు. జిగురు వాడేవాళ్లూ ఉన్నారు. పిల్లలు ఆ బొమ్మలు కత్తిరించి పుస్తకాల్లో అంటించుకుంటారు, చీమ అలాగే ఉంటుందనుకుంటారు.

నేను చీమల్ని అవి తిరిగే చోటే తీస్తాను. మాక్రో లెన్స్‌తో అంత దగ్గర నుంచి తీస్తే స్పష్టంగా వచ్చే మేర ఒకటి రెండు మిల్లీమీటర్లే. కన్ను ఫోకస్‌లో ఉంటే వెనక కాళ్లు మసక. వెంటపడితే దొరకదు. బారు ఎటు పోతోందో చూసుకుని, దారిలో ఒక పుల్ల మీద ఫోకస్ పెట్టి, బోర్లా పడుకుని కాచుకోవాలి. ఊపిరి పక్కకు వదలాలి. మన ఊపిరి తగిలిందా, చాలా చీమలు తిండి సంగతి వదిలేసి కంగారుగా పరుగులు పెడతాయి. ఫ్లాష్‌కు పల్చటి తెల్లకాగితం అడ్డం పెట్టకపోతే నున్నటి ఒంటి మీద తెల్లమచ్చ తప్ప ఏమీ మిగలదు.

అలా కాచుకుంటే ఒకసారి, పేనుబంక పురుగును మీసాలతో తడుతున్న చీమ దొరికింది. పురుగు వెనక నుంచి తియ్యటి బొట్టు ఉబికింది, చీమ తాగేసింది. పొట్ట ఉబ్బి పట్టీల మధ్య పల్చటి పొర బయటపడింది. తాగినదంతా తనకు కాదు, లోపలి సంచిలో నింపుకుని గూటికి పోయి తోటి చీమల నోటికి అందిస్తుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన చీమతో ఈ పని ఎవరు చేయించగలరు?

నా మనవి ఒక్కటే. ఫొటో కింద ‘కదిలించకుండా తీసినది’ అనో ‘నిలబెట్టి తీసినది’ అనో రాయండి. అనుమానం వస్తే ఆ ఫొటోకు ముందూ వెనకా తీసినవి పంపమనండి. నిజంగా కాచుకుని తీసినవాళ్ల దగ్గర అవి గుట్టలుగా ఉంటాయి. కాళ్లు కూడా ఒకసారి లెక్కపెట్టండి. ముందు కాళ్లను మీసాల్లా ఎత్తి చీమలా నడిచే సాలీళ్లున్నాయి, వాటికి ఎనిమిది ఉంటాయి.

- ఒక పాఠకురాలు