రాయలచెరువులో మన పిల్లలకూ తెరచాప పట్టే వీలు కల్పించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మొన్నొక ఆదివారం హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ గట్టున కూర్చుని పొద్దున్నుంచి సాయంత్రం దాకా తెరచాప పడవల పోటీ చూశాను. డింగీలు అంటారు వీటిని. ఇంజిన్ ఉండదు, ఒకరో ఇద్దరో పట్టే చిన్న పడవలు, అంతా గాలితోనే పని. మా అక్క కొడుకు అక్కడ ఐటీ ఉద్యోగం చేస్తూ రెండేళ్లుగా శని, ఆదివారాలు సెయిలింగ్ నేర్చుకుంటున్నాడు. "మొదటిసారి పోటీలో దిగుతున్నా, నువ్వు రావాల్సిందే మామా" అని ఫోన్ చేస్తే శనివారం పద్మావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను.

ముచ్చటగా చూద్దామని వెళ్లలేదు, వాడికి ఏమైనా అవుతుందేమోనన్న టెన్షన్‌తో వెళ్లాను. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు నా పక్కన కూర్చునే పిల్లోడు ఎండాకాలం సెలవుల్లో ఊరి చెరువులో దిగి మళ్లీ పైకి రాలేదు. ఆ రోజు నుంచి మా అమ్మ నన్ను చెరువు కట్ట ఎక్కనివ్వలేదు, పెద్దయ్యాక నేను నా పిల్లల్ని ఎక్కనివ్వలేదు. ఈత నాకు ఇప్పటికీ రాదు, వాళ్లకూ రాదు.

పొద్దున గాలే లేదు. ఎరుపు తెలుపు చారల జెండా ఎగరేశారు, అంటే పోటీ వాయిదా అని. పదకొండు దాటాక నీళ్ల మీద సన్నగా ముడతలు లేచాయి, జెండా దించారు. ఇక్కడ పరుగు పందెంలోలాగా గీత దగ్గర నిలబడి ఈల కోసం ఎదురుచూడటం కుదరదు, ఎందుకంటే పడవకు బ్రేకులుండవు. అయిదు నిమిషాల ముందు ఒక జెండా, నాలుగు నిమిషాలు ఉందనగా ఇంకో జెండా, ఒక్క నిమిషం ఉందనగా అది దించేస్తారు, ఆ అయిదు నిమిషాలూ అందరూ గీత వెనకాలే తిరుగుతూ, వాచీ చూసుకుంటూ, సరిగ్గా హారన్ మోగే క్షణానికి గీత దాటేలా లెక్కేసుకుంటారు. ముందే దాటినవాడు వెనక్కి వచ్చి మళ్లీ మొదలుపెట్టాలి. తర్వాత గాలికి ఎదురెళ్లాలి. నేరుగా ఏ తెరచాప పడవా అలా పోలేదు, మన తిరుమల ఘాట్ రోడ్డులాగా ఇటోసారి అటోసారి మలుపులు తిరుగుతూ పైకి పోవాల్సిందే.

రెండో రేసులో మా వాడి పడవ బోల్తా పడింది. తెల్లటి తెరచాప నీళ్ల మీద పరుచుకుంది, మనిషి కనిపించలేదు. నేను లేచి నిలబడ్డాను, నోట మాట రాలేదు. అంతలో పడవ అవతలి వైపు నుంచి వాడి తల, లైఫ్ జాకెట్ కనిపించాయి. పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగి ఉండే పలక ఒకటుంటుంది, దాని మీద ఎక్కి నిలబడి, అంచు పట్టుకుని ఒళ్లంతా వెనక్కి వాల్చాడు. మెల్లగా తెరచాప లేచింది, నీళ్లు ధారగా కారిపోయాయి, లోపలికి ఎగబాకి మళ్లీ బయల్దేరాడు. రెస్క్యూ బోటు పక్కకు వచ్చి ఆగింది కానీ చెయ్యి వేయలేదు, అవసరం లేదని వాళ్లకు తెలుసు. గట్టుకు వచ్చాక అడిగితే, "నేర్పేటప్పుడే కావాలని బోల్తా కొట్టిస్తారు మామా" అన్నాడు. చివరి నుంచి రెండోవాడిగా వచ్చాడు, మొహం మాత్రం వెలిగిపోతోంది.

అయితే నేను ఈ ఉత్తరం రాస్తున్నది వాడి గురించి కాదు. మధ్యాహ్నం పిల్లలు ఆప్టిమిస్ట్ అనే బుల్లి పడవల్లో దిగారు. పదిహేనేళ్ల లోపు వాళ్లకే ఆ పడవ, పొడవు 2.3 మీటర్లు, తెరచాప విప్పేస్తే దాదాపు 35 కిలోలు. పన్నెండేళ్లుంటాయేమో, ఒక అమ్మాయి మలుపుకు గుర్తుగా నీళ్ల మీద తేలే బుడగను పడవ అంచుతో రాసుకుంది. దగ్గర్లో ఎవరూ లేరు. అయినా ఆ పిల్ల పక్కకు జరిగి తనంతట తానే ఒక చుట్టు తిరిగి, అప్పుడు ముందుకు పోయింది. ఈలోగా ముగ్గురు దాటిపోయారు. బుడగ తగిలితే ఒక చుట్టు శిక్ష అట, ఎవరి తప్పుకు వాళ్లే వేసుకోవాలట. నేను చాలాసేపు ఆ పిల్లనే చూస్తూ ఉండిపోయాను.

ఇది డబ్బున్న వాళ్ల ఆట అని మన దగ్గర ఒక అభిప్రాయం ఉంది. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో సెయిలింగ్‌లో వెండి పతకం తెచ్చిన నేహా ఠాకూర్ మధ్యప్రదేశ్‌లో రైతు బిడ్డ. ఆమె నేర్చుకున్నది సముద్రంలో కాదు, భోపాల్‌లో. అక్కడి పెద్ద చెరువు రాజా భోజుడు కట్టించాడని చెబుతారు, ఊరికి తాగునీళ్లు కూడా ఇస్తుంది. తిరుపతి దగ్గరున్న మన రాయలచెరువు కృష్ణదేవరాయలు కట్టించాడని చెప్పుకుంటాం. 2021 నవంబర్‌లో కట్టకు గండి పడుతుందేమోనని కింది ఊళ్లు ఖాళీ చేయించినప్పుడు తప్ప, ఆ చెరువు గురించి తిరుపతిలో ఎవరమైనా మాట్లాడుకున్నామా?

నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఈశాన్య రుతుపవనాల వానలకు చెరువు నిండిన నెలల్లో, వారానికి రెండు రోజులు, పది బుల్లి పడవలు, ఒక రెస్క్యూ బోటు, ప్రతి పిల్లకూ లైఫ్ జాకెట్, తెలిసిన కోచ్ ఒకరు. పడవ ఎక్కే ముందు ఈత తప్పనిసరి. సెయిలింగ్‌లో టోక్యో, పారిస్ ఒలింపిక్స్ రెండింటికీ వెళ్లిన నేత్రా కుమనన్ ఊరు చెన్నై మనకు మూడున్నర గంటల దారి, నేర్పేవాళ్లను అక్కణ్ణుంచి పిలవడం కష్టమేమీ కాదు. పులికాట్ కూడా మన జిల్లాలోనే ఉంది కదా అంటారేమో, అది పక్షుల రక్షిత ప్రాంతం, దాన్ని పక్షులకే వదిలేద్దాం.

ఆయకట్టు రైతులకు ఇబ్బంది అవుతుందని ఎవరైనా అంటే, తెరచాప పడవ చుక్క నీరు వాడుకోదు. తూముకు, మరవకు దూరంగా హద్దు పెట్టుకుంటే చాలు. చేపల వేలం పాడుకున్నవాళ్లతో మాత్రం ముందే కూర్చుని మాట్లాడాలి, వాళ్ల వలలు, వాళ్ల బతుకుతెరువు ముందు. నీళ్లు లేని ఏడాది ఆపేద్దాం.

ఈ నవంబర్‌లో చెరువు నిండేలోపు క్రీడా శాఖ, జలవనరుల శాఖ, పర్యాటక శాఖ అధికారులు ముగ్గురూ కలిసి ఒక్క పూట రాయలచెరువు కట్ట మీదికి రావాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. వాళ్లు వచ్చే రోజు నాకూ కబురు చేస్తే నేనూ వస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, బైరాగిపట్టెడ, తిరుపతి