నా దగ్గు నాకే తిరిగొచ్చింది

ఒరేయ్ వాసూ,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లకి జవాబు రాస్తున్నాను, తిట్టుకో. ఇక్కడంతా క్షేమం, చిన్నాడికి జ్వరం తగ్గింది, బదిలీ సంగతి తేలలేదు. అసలు విషయం విను, ఇది చెప్పకపోతే నా కడుపు ఉబ్బిపోతుంది.

మేం ఖాట్మండూలో దిగేసరికే వాట్సాప్, ఫేస్‌బుక్, యూట్యూబ్ అన్నీ బంద్. సెప్టెంబరు 4న అక్కడి ప్రభుత్వం 26 యాప్‌లు ఆపేసింది. టిక్‌టాక్, వైబర్ మాత్రం ఆడుతున్నాయి. హోటల్ కుర్రాడు మా ఫోన్లలో వీపీఎన్ (బంద్ చేసినవి కూడా తెరిచే యాప్‌లే) పెట్టి పుణ్యం కట్టుకున్నాడు. దాని మీద కుర్రాళ్లు నిరసనకి దిగితే 8న పోలీసు కాల్పులు, 19 మంది పోయారురా, ఎక్కువగా కుర్రాళ్లే. ఆ రాత్రే నిషేధం ఎత్తేశారు. మర్నాడు ఊరు తగలబడే వేళకి అందరి ఫోన్లూ సిద్ధం!

9న థమేల్‌లో మా హోటల్ డాబా మీద జాతర. అక్కడి సచివాలయం సింహ దర్బార్ వైపు నల్లటి పొగ. ఒకడు లైవ్ పెట్టాడు. ఒకావిడ వెనకాల పొగ పడేలా జరిగి జరిగి సెల్ఫీ తీసుకుంటోంది. నాకు ఒళ్లు మండింది. మండిందా, ఐదు నిమిషాలకి నేనూ తీశాను! 'మా హోటల్ పైనుంచి' అని రాసి బంధువుల గ్రూపులో పడేశాను. నవ్వకు.

సాయంత్రానికి అదే వీడియో అత్తయ్య నుంచి నాకే వచ్చింది. కింద 'తెలుగువాళ్లున్న హోటల్ కాలిపోతోంది, అందరికీ పంపండి' అని. అందులో నా దగ్గు స్పష్టంగా వినిపిస్తోందిరా! ఇంతలో అమ్మ ఫోను, ఒకటే ఏడుపు. బాగానే ఉన్నానంటే నమ్మదు, గోడలన్నీ వీడియో కాల్‌లో చూపించాల్సొచ్చింది. పశుపతినాథ్ గుడి మీద దాడి అంటూ ఇంకో వీడియో తిరిగింది. అది ఎప్పటిదో జాతరట. కాదని చెప్పే మొహం నాకెక్కడిది?

పైగా హోటలాయన చేతులు పట్టుకున్నాడు, "బోర్డు కనపడేలా పెట్టకండి బాబూ" అని. అప్పటికే హిల్టన్ అనే పెద్ద హోటల్ కాలుతోంది. నాది తీసేశాను గానీ, ఊరంతా పాకింది తీయగలనా?

అలాగని ఫోన్ లేకపోతే ఎంబసీ నంబరూ, విమానాశ్రయం మూసిన కబురూ తెలిసేవే కావు. 11న ఎక్కిన ప్రత్యేక విమానం సంగతీ గ్రూపులోనే తెలిసింది.

ఒకటి మాత్రం మర్చిపోలేకపోతున్నాను. ఆ వీపీఎన్ కుర్రాడు మెట్ల మీద కూర్చుని ఒక్కో లైవూ ఆపి ఆపి చూస్తున్నాడు. నేను విసుక్కున్నాను. పొద్దున బయటికెళ్లిన తమ్ముడి కోసమట. ఎర్ర సంచీ కనిపిస్తే చాలు, స్క్రీన్ మొహానికి దగ్గరగా పెట్టుకుంటున్నాడు. దొరికాడో లేదో అడగకుండానే వచ్చేశాను. నిన్న మెసేజ్ పెట్టాను, ఇంకా…

ఆగు, ఫోన్ మోగుతోంది.

నీ
రాజు