తెలుగు ఒత్తులు తెగిపోనివ్వద్దు

ఎడిటర్ గారికి నమస్కారం,

నేను హనుమకొండలో వెబ్‌సైట్లు తయారుచేస్తుంటాను. తీరిక దొరికితే రామప్పకో వేయిస్తంభాల గుడికో వెళ్లి శిల్పాల ఫొటోలు తీయడం ఇష్టం, వాటి కోసం సొంతంగా ఒక తెలుగు సైట్ కడుతున్నాను, పైసలొచ్చే పని కాకపోయినా కూర్చుంటే అర్ధరాత్రి దాటినా లేవబుద్ధి కాదు. చాలా సైట్లలో లైన్ హైట్ (ఒక్కో వరుసకు ఇచ్చే ఎత్తు) ఇంగ్లిష్‌కు తగ్గట్టు అక్షరం సైజుకు 1.2 రెట్ల దగ్గర పెట్టి వదిలేస్తున్నారు. 'స్తంభం'లో త ఒత్తు కింది వరుసలోని అక్షరం మీది గుడికి ('కి'లో ఉండే గుర్తుకు) తగులుతుంది, బటన్ మీదైతే సగం తెగిపోతుంది. 1.7 చేస్తే హాయిగా చదవొచ్చు. ఒక్క అంకె మార్చడమే!

ఇంకా బాధ కలిగించేది, నోటీసులను ఫొటోల్లా పెట్టడం. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే (ప్రపంచ భాషల అక్షరాలకు కంప్యూటర్లు వాడే ఉమ్మడి పట్టిక) తెలుగు ఉంది. అక్షరాలుగా టైప్ చేస్తే సెర్చ్‌లో దొరుకుతాయి, చూపులేని వాళ్లకు ఫోన్ చదివి వినిపిస్తుంది. ఫొటోకు ఆ వీలు ఎక్కడిది? మన వరంగల్ ఇంజినీరింగ్ కాలేజీల్లో ఏటా అవే లైబ్రరీ మేనేజ్‌మెంట్ ప్రాజెక్టులు చేయిస్తున్నారు, వాటి బదులు పిల్లలతో తమ ఊరి పంచాయతీకో బడికో తెలుగు సైట్ చేయించాలని లెక్చరర్లను కోరుతున్నాను. ఒత్తుల సంగతి ఎవరైనా అడిగితే దగ్గర కూర్చుని చూపిస్తాను.

- ఒక వెబ్ డెవలపర్, హనుమకొండ